ముస్టాంగ్ డెల్కోలో ఇగ్నైటర్ కిట్: ముందు గులాబీ వైరు సంగతి చూడండి

1965-68 ఫోర్డ్ ముస్టాంగ్‌లో 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్ ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఈ కిట్ దగ్గరికే వస్తారు. పర్‌ట్రానిక్స్ ఇగ్నైటర్, పార్టు నంబర్ 1281. డెల్కోలోంచి, అంటే డిస్ట్రిబ్యూటర్‌లోంచి, సీబీ పాయింట్లూ (స్పార్క్ కోసం కరెంటుని తెంపే కాంటాక్ట్ బ్రేకర్లు) కండెన్సరూ తీసేసి, వాటి చోట వేలెడంత ఎలక్ట్రానిక్ మాడ్యూలు, క్యామ్ మీద అయస్కాంతాలున్న రింగు పెట్టడమే పని. అంబాసిడర్ డెల్కో విప్పిన అలవాటుంటే ఇందులో బెదిరిపోయేదేమీ లేదు. మూత పెట్టేశాక బయటికి కనబడేవి రెండు వైర్లే కాబట్టి కారు పాతదనం చెడదు. 271 హార్స్‌పవర్ ‘కే’ కోడ్ ఇంజన్ అయితే మాత్రం ఆగండి, దాని డెల్కోలో రెండు జతల పాయింట్లుంటాయి, నంబరు సరిచూడకుండా కొనొద్దు.

దీనివల్ల పవర్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. గ్యాపు 0.017 అంగుళాలు, డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) 26 నుంచి 31 డిగ్రీల మధ్య సరిగ్గా పెట్టిన పాయింట్లకీ దీనికీ రోడ్డు మీద తేడా తెలియదు. తేడా తర్వాత తెలుస్తుంది. పాయింట్లకుండే రబ్బింగ్ బ్లాకు క్యామ్‌కి ఒరుసుకుని అరుగుతుంది, గ్యాపు తగ్గుతుంది, డ్వెల్ పెరుగుతుంది, టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, వెనక్కి జారుతుంది. కొన్ని వేల మైళ్ళకి బండి మందగిస్తే మనం కార్బురేటర్‌ని తిట్టుకుంటాం. ఈ కిట్‌లో ఒరుసుకునేది లేదు కనుక పెట్టిన టైమింగ్ పెట్టినట్టే ఉంటుంది. డబ్బులు దానికే.

ఇక దీనిమీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం కిట్‌లో ఉండదు, డ్యాష్‌బోర్డు వెనక ఉంటుంది. ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కి (ప్లగ్గులకి హై వోల్టేజీ తయారుచేసేది) వచ్చే గులాబీ రంగు వైరు మామూలు వైరు కాదు, రెసిస్టెన్స్ వైరు. పాయింట్లు కాలిపోకుండా వోల్టేజీ తగ్గించడానికి ఫోర్డ్ అలా పెట్టింది. ఇగ్నైటర్ ఎర్ర వైరుకి మాత్రం పూర్తి 12 వోల్టులు కావాలి. దాన్ని కాయిల్ పాజిటివ్‌కి తగిలించేస్తే బండి స్టార్టవుతుంది, ఐడ్లింగూ బాగుంటుంది, కాస్త వేడెక్కాక మిస్ కొట్టడం మొదలెడుతుంది.

ఇక్కడ మల్టీమీటరు కూడా మోసం చేస్తుంది. కీ ఆన్ చేసి కాయిల్ పాజిటివ్ దగ్గర చూస్తే 12 వోల్టులు కనిపించొచ్చు. ఆ క్షణాన పాయింట్లు విడిపోయి ఉన్నాయన్నమాట. కరెంటు పారనప్పుడు రెసిస్టెన్స్ వైరులో వోల్టేజీ పడదు. అందుకని పాత పాయింట్లు తీయకముందే, ఇంజన్‌ని చేత్తో తిప్పి అవి మూసుకున్నప్పుడు కొలవండి. రీడింగు బాగా దిగిపోయిందంటే గులాబీ వైరు ఇంకా పనిలో ఉన్నట్టే.

మందు రెండు రకాలు. పాత కాయిలే ఉంచుకునేటట్టయితే కాయిల్‌కి గులాబీ వైరు అలాగే వదిలేసి, ఎర్ర వైరుని స్విచ్ వైపు, రెసిస్టెన్స్‌కి ముందే కలపాలి. లేదా ఒక రిలే (అంకెలు దాని టెర్మినళ్ళవి): 86కి గులాబీ వైరు, స్టార్టర్ రిలే ‘ఐ’ టెర్మినల్ నుంచి వచ్చే బ్రౌన్ వైరు రెండూ, 85 ఎర్త్, 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, 87 నుంచి ఎర్ర వైరుకీ కాయిల్‌కీ. ఈ పద్ధతిలో కాయిల్‌కి కూడా పూర్తి 12 వోల్టులు వస్తాయి కాబట్టి దానికి తట్టుకునే కాయిల్ వేయాలి. వీ8కి కాయిల్ ప్రైమరీ రెసిస్టెన్స్ (పాజిటివ్, నెగెటివ్ టెర్మినళ్ళ మధ్య కొలిచేది) 1.5 ఓమ్‌లకి తగ్గకూడదు, తగ్గితే మాడ్యూలు మాడుతుంది. కొలిచేటప్పుడు మీటరు తీగలు రెండూ ఒకదానికొకటి ఆనించి వచ్చిన అంకెని తీసేయడం మరవొద్దు. ఇంత చిన్న కొలతలో అదే పెద్ద తప్పవుతుంది.

స్టార్టర్ తిరుగుతున్నంతసేపూ పట్టకుండా, కీ వదలగానే ఒక్కసారి దగ్గి ఇంజన్ అందుకుంటోందా? ఎర్ర వైరు తీసుకున్న చోట క్రాంకింగ్‌లో కరెంటు లేదు. రేడియోకి వెళ్ళే యాక్సెసరీ లైనుకి కలిపినవాళ్ళందరికీ ఇదే అనుభవం.

బిగింపు అరగంట పని. బ్యాటరీ నెగెటివ్ విప్పి, క్యాపూ రోటరూ తీశాక ప్లేటు సందుల్లో గుడ్డ కుక్కండి. ఆ బుల్లి స్క్రూ లోపలికి జారితే డెల్కో మొత్తం బయటికి రావాల్సిందే. ప్లేటునీ బాడీనీ కలిపే చిన్న ఎర్త్ వైరు తెగిందేమో చూడండి, అది పోతే మాడ్యూలు ఉన్నట్టుండి పనిచేస్తుంది, ఉన్నట్టుండి మానేస్తుంది. రింగుని క్యామ్ పలకలకి కుదిర్చి కిందిదాకా నొక్కాలి. వైర్లు వ్యాక్యూమ్ అడ్వాన్స్‌తో కదిలే ప్లేటుకి తగలకూడదు. నలుపు కాయిల్ నెగెటివ్‌కి, ఎరుపు 12 వోల్టులకి. తారుమారైతే ఈ మొదటి రకం ఇగ్నైటర్‌కి మళ్ళీ ప్రాణం రాదు. రాగి తీగ కోర్ ఉన్న ప్లగ్ వైర్లుంటే తీసేసి సప్రెషన్ వైర్లు (స్పార్క్ వల్ల వచ్చే విద్యుత్ అలజడిని అణిచేవి) వేయండి.

టైమింగ్ మళ్ళీ పెట్టాల్సిందే, ఎందుకంటే స్పార్క్ పడే చోటు మారింది. వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి మూతి మూసి, టైమింగ్ లైటు కొట్టి, రెండు బారెళ్ళ కార్బురేటర్, మాన్యువల్ గేరుబాక్సు ఉన్న బండికి పిస్టన్ పైకొనకి చేరే చోటుకి 6 డిగ్రీలు ముందుకి. ప్లగ్గుల గ్యాపు 0.034 అంగుళాల దగ్గరే ఉంచినా నష్టం లేదు.

అసలు లోపం ఒకటుంది. ఇంజన్ ఆపి కీ ఆన్‌లో వదిలేసి పాటలు వింటే కాయిలూ మాడ్యూలూ రెండూ కాలతాయి. ఆ అలవాటు మానలేనివాళ్ళు ఇగ్నైటర్ టూ కొనుక్కోవడం మేలు, వైర్లు తారుమారైనా అది తట్టుకుంటుంది. రెవ్ లిమిటర్ ఉన్న ఇగ్నైటర్ త్రీ ఆదివారం షికారు బండికి దండగ. రెండో లోపం, పాయింట్లు చచ్చే ముందు వారాల తరబడి సణుగుతాయి, ఇది ఒక్కమాటైనా చెప్పకుండా పోతుంది. అందుకే పాత పాయింట్లు, కండెన్సరు, స్క్రూలు, ఒక ఫీలర్ గేజు గ్లవ్‌బాక్స్‌లో పడేసి ఉంచండి. రింగు పైకి లాగేసి, పాయింట్లు బిగించి 0.017 పెట్టి, కాయిల్ పాజిటివ్‌కి పాత కనెక్షన్ ఇచ్చుకుంటే ఇల్లు చేరొచ్చు. టైమింగ్ సంగతి తెల్లారాక చూసుకోవచ్చు.