పెట్రోల్ గోల్ఫ్ కార్ట్: ఇంజిన్‌కు వంక పెట్టలేం, చార్జింగ్ మాత్రం కనిపెట్టుకుని ఉండాలి

గోల్ఫ్ కార్ట్ అనగానే అందరూ బ్యాటరీ బండే అనుకుంటారు. గుళ్ల దగ్గర, రైల్వే స్టేషన్లలో తిరిగేవి అవే మరి. మా దగ్గరున్నది పెట్రోల్‌ది. వరంగల్ నుంచి ములుగు పోయే దారిలో మాకు మామిడి తోట, దాన్ని ఆనుకుని ఒక చిన్న ఫంక్షన్ హాలు ఉన్నాయి. హైదరాబాద్ శివారులో ఒక రిసార్టువాళ్లు అమ్మేస్తుంటే సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం. పగలు తోటలో కాయల ట్రేలు, మందు డబ్బాలు మోస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో గేటు దగ్గర దిగిన పెద్దవాళ్లను హాలు దాకా చేరవేస్తుంది. కొన్నేళ్లుగా ఈ రెండు పనులూ చేయిస్తున్నాం. ఇంజిన్ ఆయిల్ మార్చి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేస్తే చాలు, మారు మాట్లాడకుండా తిరుగుతుంది. మమ్మల్ని ఏడిపించిందల్లా చార్జింగే, కాబట్టి ఇందులో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

ఈ బండిలో తాళం తిప్పి స్టార్ట్ చేయడం ఉండదు. తాళం ఆన్‌లో పెట్టి పెడల్ తొక్కితే ఇంజిన్ లేస్తుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. ఇంజిన్‌ను లేపేదీ, లేచాక బ్యాటరీకి చార్జింగ్ ఎక్కించేదీ ఒకటే యంత్రం. స్టార్టర్ జనరేటర్ అంటారు. ఇంజిన్‌కు బెల్టుతో కలిపి ఉంటుంది. ఇప్పటి కార్లలో ఉండే ఆల్టర్నేటర్ కాదిది, లోపల డయోడ్లు ఉండవు. కార్బన్ బ్రష్షులు, అవి రాసుకుంటూ ఉండే రాగి పట్టీల చుట్టు (కమ్యుటేటర్) ఉన్న పాతకాలపు డైనమో పద్ధతి. చార్జింగ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ విడిగా ఉంటుంది.

రిసార్టు రోడ్ల మీద ఈ పద్ధతి బాగానే నడుస్తుంది. తోటలో అట్లా కాదు. చెట్టు చెట్టుకూ ఆగుతూ పోతుంటే కాలు తీసిన ప్రతిసారీ ఇంజిన్ ఆగుతుంది, తొక్కిన ప్రతిసారీ బ్యాటరీ స్టార్టర్‌ను తిప్పాల్సి వస్తుంది. వాడకం ఎక్కువ, ఎక్కే చార్జింగ్ తక్కువ. రాత్రి ఫంక్షన్లలో హెడ్‌లైట్లు కూడా తోడవుతాయి, బండి నిలబడి ఉన్నంతసేపు అవి బ్యాటరీనే తాగుతాయి. మేం చేసిన మార్పుల్లో అన్నిటికంటే పనికొచ్చింది పాత హాలోజన్ బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టడం. పాటలు పెడదామని మా మేనల్లుడు స్పీకర్లు తెచ్చాడు, వాటికి మాత్రం నేను ఒప్పుకోలేదు.

బండి లేవకపోతే ఎవరిని అడిగినా మొదట వచ్చే మాట, బ్యాటరీ పోయింది. అది నిజమో కాదో తేల్చడానికి ఒక మామూలు డిజిటల్ మీటర్ చాలు. రాత్రంతా కదలకుండా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ పొద్దున 12.6 దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగానికి పడిపోయింది. ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. బండి ఫ్లాట్ నేల మీద ఉంచి, ముందు చక్రాలకు అడ్డం రాళ్లు పెట్టి, వెనుక చక్రాలు నేలకు తగలకుండా గట్టి స్టాండ్ల మీద లేపి, ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కితే ఇంకొకరు మీటర్ పట్టాలి. వట్టి జాకీని నమ్ముకోవద్దు. వోల్టేజీ 14 దాటి 14.8 లోపల నిలబడితే చార్జింగ్ బాగున్నట్టే. 12 చిల్లర దగ్గరే కూర్చుంటే కొత్త బ్యాటరీ వేసినా అదీ కొద్ది రోజుల్లో పడుకుంటుంది.

మాకు మొదట వచ్చిన తంటా బెల్టు. తొక్కగానే కీచుమని అరుపు, కొంచెం రబ్బరు కాలిన వాసన. బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాల్సిన బెల్టు ఉయ్యాలలాగా ఊగుతోంది. బిగిస్తే పోయింది. కొత్త బెల్టు వేసినా కొన్నాళ్లకు సాగుతుంది, మళ్లీ ఒకసారి బిగించాలి. ఈ బండికి రెండు బెల్టులుంటాయి. చక్రాలకు బలాన్నిచ్చే పెద్ద డ్రైవ్ బెల్టు వేరు, స్టార్టర్ జనరేటర్ బెల్టు వేరు. ఒక మెకానిక్ పెద్దది మార్చేసి పని అయిపోయిందన్నాడు.

అసలు కథ రెగ్యులేటర్‌ది. ఒక వానాకాలం మధ్యలో చార్జింగ్ పూర్తిగా ఆగిపోయింది. బెల్టు గట్టిగానే ఉంది, బ్యాటరీ టెర్మినల్స్ తళతళలాడుతున్నాయి, మీటర్ మాత్రం 12.3 మీద నుంచి కదలదు. హనుమకొండలో కుర్ర మెకానిక్‌లు ఇద్దరు ముగ్గురు చూశారు. ఆల్టర్నేటర్ ఎక్కడుందని వెతికి, లేదని తెలిశాక చేతులెత్తేశారు. చివరికి ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే సీటు ఎత్తి చూసి నవ్వాడు. "ఇది డైనమో గదా పటేలా! పాత జీపులల్ల గిదే ఉంటుండె. అప్పుడు కటౌట్ అంటుంటిమి, గిప్పుడు గీ డబ్బ పెట్టిండ్రు, అంతే." డబ్బ అంటే రెగ్యులేటరే.

ఆయన చేసింది చూడండి. జనరేటర్ మీద డీఎఫ్ అని రాసి ఉన్న చిన్న టెర్మినల్ వైరు విప్పి, ఇంజిన్ నడుస్తుండగా ఒక వైరు ముక్కతో ఆ టెర్మినల్‌ను బాడీకి తాకించాడు. రెండు సెకన్లు, అంతే. మీటర్ 12.3 నుంచి 15 దాటి ఎగిరింది. అంటే జనరేటర్ దిట్టంగా ఉంది, దానికి పని చెప్పాల్సిన రెగ్యులేటర్ దగ్గరే తేడా. ఈ పరీక్ష చేసేటప్పుడు ఎక్కువసేపు తాకించి ఉంచితే వోల్టేజీకి అదుపుండదు, బల్బులు పోతాయి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు అసలు విప్పకూడదు.

కొత్త రెగ్యులేటర్ తెప్పించమంటాడేమో అనుకున్నాం. ఆయన ముందు పాతదాని బోల్టులు విప్పాడు. ఆ డబ్బాకు ఎర్త్, అంటే బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు కరెంటు దారి, అందేది బోల్టు ద్వారానే. కింద రేకు మీద తుప్పు, దానిపైన ఎప్పుడో చిమ్మిన ఎర్రటి చెల్క బురద గట్టిపడి ఉంది. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, ముళ్ల వాషర్ వేసి బిగించాడు. మీటర్ 14.4 దగ్గర నిలబడింది. అదే రెగ్యులేటర్ ఇప్పటికీ బండిలో ఉంది.

ఎర్త్ సంగతి ఆయన దగ్గరే నేర్చుకున్నాం. మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన జనరేటర్ బాడీ మీద పెట్టి స్టార్ట్ చేయాలి. ఆ క్షణంలో అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే కేబుల్‌లోనో బోల్టు దగ్గరో పట్టు లేనట్టు. వానలు తగ్గాక ఒకసారి ఇది చూస్తాం. అప్పుడే సీటు కింద ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూస్తాం, మక్కజొన్న కోతల తర్వాత వాటి బెడద ఎక్కువ.

కార్బన్ బ్రష్షులు అరిగితే ఇక్కడ సులువుగా దొరకవు. వేరే స్టార్టర్ బ్రష్షులు రాకి వేస్తామంటారు, రాగి పాళ్లు వేరుగా ఉంటే కమ్యుటేటర్ దెబ్బతింటుంది. ఆలస్యమైనా సరైనవే తెప్పించుకున్నాం. కమ్యుటేటర్ రుద్దడానికి సన్నటి గరుకు కాగితమే వాడాలి. ఎమరీ కాగితం వద్దు, దాని పొడి రాగి పట్టీల సందుల్లో చిక్కితే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

ఎండాకాలం బ్యాటరీలో నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, డిస్టిల్డ్ వాటర్ పోస్తుండాలి. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో బండి మూల పడి ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు బయటి చార్జర్ పెడతాం.

మళ్లీ కొంటారా అని అడుగుతుంటారు. తోటకు అయితే కొంటాను. కరెంటుతో పని లేదు, ట్యాంకులో పెట్రోల్ ఉంటే చాలు. కేవలం హాలు కోసమైతే బ్యాటరీ బండే నయం, చప్పుడు ఉండదు. సెకండ్‌హ్యాండ్ పెట్రోల్ బండి బేరం ఆడేటప్పుడు అమ్మేవాళ్ల చేతనే పెడల్ తొక్కించి, బ్యాటరీ మీద మీటర్ పెట్టి చూడండి. 14 రాకపోతే ధర తగ్గించమని అడగండి. బ్యాటరీ కొత్తదే వేశామని వాళ్లంటే, ఎందుకు మార్చాల్సి వచ్చిందో కూడా అడగండి.