గోడలో రాగి, స్తంభం మీద అల్యూమినియం: ఏది మేలు?

మా తమ్ముడి ఇంటికి స్లాబు పడింది, గోడల్లో పైపులు దిగాయి. ఇక వైర్లు కొనాలనేసరికి పంచాయితీ మొదలైంది. ఎలక్ట్రీషియన్ కుర్రాడు రాసిచ్చిన లిస్టులో అన్నీ రాగివే. రేట్లు చూసి మా తమ్ముడు నా మొహం చూశాడు. "అన్నయ్యా, స్తంభం మీంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు అల్యూమినియమే గదా. ఊరందరి కరెంటూ దాని మీద వస్తుంటే లేని భయం, నా నాలుగు బల్బులకు ఎందుకు?"

ఏళ్ల తరబడి పిల్లలకు ఫిజిక్సు చెప్పినవాణ్ని. నోటికొచ్చిన జవాబు ఠక్కున అనేశాను: "రాగిలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఎక్కువరా, అందుకని."

రాత్రి పడుకున్నాక అనుమానమొచ్చి లెక్కేసుకుంటే, నేను చెప్పింది తప్పే కాదు, పూర్తిగా తిరగేసిన తప్పు.

రాగి పరమాణు సంఖ్య 29. కర్పరాల్లో ఎలక్ట్రాన్లు 2, 8, 18, 1. చివరి కర్పరంలో ఉన్నది ఒక్కటే. లోహంగా గడ్డకట్టినప్పుడు ఒక్కో పరమాణువు ఆ ఒక్క ఎలక్ట్రాన్‌ను ఉమ్మడి సొత్తుగా వదిలేస్తుంది. కరెంటు మోసే స్వేచ్ఛా ఎలక్ట్రాన్లంటే ఇవే. అల్యూమినియం పరమాణు సంఖ్య 13, అమరిక 2, 8, 3. అది మూడింటినీ వదులుతుంది. పరమాణువుల సాంద్రత కూడా కలుపుకుంటే, ఒక ఘన సెంటీమీటరు రాగిలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు 85 పక్కన 21 సున్నాలు. అంతే అల్యూమినియంలో 181 పక్కన 21 సున్నాలు. రెట్టింపుకు పైమాటే. నేను చెప్పిన సూత్రమే నిజమైతే మా తమ్ముడు అల్యూమినియం కొనాల్సిందే, వాడి డబ్బూ మిగలాల్సిందే.

కానీ విశిష్ట నిరోధం (ఒక పదార్థం కరెంటుకు ఎంత అడ్డుపడుతుందనే కొలత) పట్టిక వేరే మాట చెబుతోంది. 20 డిగ్రీల దగ్గర రాగికి 1.68, అల్యూమినియంకి 2.65 (రెండూ ఓమ్ మీటరులో పది కోట్లో వంతుల లెక్కన, పట్టికలో పది ఘాతం మైనస్ ఎనిమిది అని ఉండేది అదే). అంటే రాగి వాహకత్వం వంద అనుకుంటే అల్యూమినియంది అరవై చిల్లర. పంపులో నీళ్లు రెట్టింపున్నా బిందె నిండేది ఆలస్యంగానే అన్నట్టుంది.

కిటుకు ఎక్కడుందంటే, ఎలక్ట్రాన్లు ఎన్ని అన్నది సగం కథే. ఒక్కో ఎలక్ట్రాన్ దేనికీ తగలకుండా ఎంతసేపు సాగుతుందన్నది మిగతా సగం. పెళ్లి పందిట్లో వడ్డన గుర్తు తెచ్చుకోండి. వడ్డించేవాళ్లు ఇరవై మంది ఉన్నా బంతికీ బంతికీ మధ్య నడవడానికి చోటు లేకపోతే, విస్తరి తొక్కకుండా చూసుకోవడానికే వాళ్ల టైమంతా సరిపోతుంది. దారి ఖాళీగా ఉంటే పదిమందే సాంబారు చకచకా వడ్డించేస్తారు. ఒక సెకనును వంద లక్షల కోట్ల ముక్కలు చేస్తే, సున్నా డిగ్రీల దగ్గర రాగిలో ఎలక్ట్రాన్‌కు ఒక తాకిడికీ తర్వాతి తాకిడికీ మధ్య సగటున 2.7 ముక్కల వ్యవధి దొరుకుతుంది. అల్యూమినియంలో దొరికేది 0.8 ముక్క. మంది రెట్టింపు, తీరిక మూడో వంతుకంటే తక్కువ. రెండూ గుణిస్తే పట్టికలో ఉన్న అరవై చిల్లరే వస్తుంది. ఆ రాత్రి కాగితం మీద ఈ గుణకారం కుదిరినప్పుడు కలిగిన సంతోషం మా ఆవిడకు చెప్పబోయాను. లైటు తీసెయ్యమంది.

తాకిడి దేనికి అన్నది ఇంకా బాగుంటుంది. 1900లో డ్రూడ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ నమూనా చెప్పినప్పుడు, ఎలక్ట్రాన్లు వెళ్లి వెళ్లి ధన అయాన్లను (ఎలక్ట్రాన్లు వదిలేశాక మిగిలిన పరమాణువులను) ఢీకొంటాయనే అనుకున్నాడు. పదో తరగతి పుస్తకం బొమ్మలో మనమూ అలాగే గీస్తాం. 1928లో ఫెలిక్స్ బ్లాక్ అనే మరో శాస్త్రవేత్త తేల్చిందేమిటంటే, అయాన్లు వరస తప్పకుండా, కదలకుండా నిలబడితే ఎలక్ట్రాన్‌కు అవి అడ్డే కావు. ఎలక్ట్రాన్ తరంగంలా వాటి మధ్య నుంచి జారిపోతుంది. అడ్డం వచ్చేది వేడికి అయాన్లు వణకడం, లేదంటే వరసలో పరాయి పరమాణువు దూరడం. అందుకే ఎండాకాలం వైరు వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున. ఈ విషయంలో రాగికీ అల్యూమినియంకీ పెద్ద తేడా లేదు.

తేడా ఉన్నది ఆ వణుకుతో ఎలక్ట్రాన్లకున్న పొత్తులో. అల్యూమినియం ఎలక్ట్రాన్లకు ఆ పొత్తు గట్టిది, రాగి ఎలక్ట్రాన్లకు పలచనిది. దీనికి తమాషా సాక్ష్యం ఒకటుంది. అల్యూమినియంను పరమ శూన్య ఉష్ణోగ్రతకు (సుమారు మైనస్ 273 డిగ్రీలు) 1.2 డిగ్రీల ఎత్తు దాకా చల్లబరిస్తే అది అతివాహకం అయిపోతుంది, నిరోధం సున్నా. రాగి, వెండి, బంగారం ఎంత చల్లబరిచినా మామూలు పీడనం దగ్గర అలా మారినట్టు ఎవరూ చూడలేదు. ఏ పొత్తు మన గోడలో అల్యూమినియంను వెనక్కి లాగుతోందో, అదే పొత్తు ఆ మహా చలిలో ఎలక్ట్రాన్లను జతలు కట్టించి దాన్ని ముందుకు తోస్తోంది. గది వేడిలో మంచి వాహకం కావడం, అతివాహకం కావడం ఒకే గుణం కాదన్నమాట.

వెండి సంగతి రెండు ముక్కల్లో. విశిష్ట నిరోధం 1.59, అన్ని లోహాల్లోకీ మేలు, రాగికంటే ఆరు శాతం దాకా ముందు. ఆ ఆరు శాతానికి అంత ధర పెట్టే పని లేదు గనక రిలే, కాంటాక్టరు లాంటి స్విచ్చుల పాయింట్ల దగ్గర ఎక్కువగా వెండి మిశ్రమం కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాగికి కరువొచ్చినప్పుడు అమెరికావాళ్లు తమ అణు కేంద్రం ఓక్ రిడ్జ్‌లో యురేనియం వేరుచేసే అయస్కాంతాల చుట్టలకు ఖజానాలోని వెండిని అప్పు తెచ్చి వాడారు, పదమూడు వేల టన్నులకు పైగా. బంగారం (2.44) రాగికన్నా వెనకే. సిమ్ కార్డు మీద బంగారు పూత ఉండేది వాహకత్వం కోసం కాదు, తుప్పు పట్టదని.

సరే, మా తమ్ముడి ప్రశ్న అలాగే ఉంది. స్తంభం మీద పనికొచ్చింది గోడలో ఎందుకు పనికిరాదు?

స్తంభం మీద చూడాల్సింది బరువు. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు, అల్యూమినియంది 2.70. అల్యూమినియం తీగ అడ్డుకోత వైశాల్యాన్ని ఒకటిన్నర రెట్ల పైచిలుకు చేస్తే రాగి నిరోధానికి సమానమవుతుంది, అప్పటికీ బరువు రాగిలో సగమే. టవరుకీ టవరుకీ మధ్య వందల మీటర్లు వేలాడే తీగకు అంతకన్నా ఏం కావాలి? బలం చాలదంటారా, మధ్యలో ఉక్కు పోగులు పెడతారు. 400 కేవీ (నాలుగు లక్షల వోల్టుల) లైన్లలో వాడే మూస్ కండక్టరులో 54 అల్యూమినియం పోగులు, నడుమ 7 ఉక్కు పోగులు. లైన్‌మన్లు రాబిట్, వీజిల్, పాంథర్ అని పిలుచుకునేవన్నీ ఈ కుటుంబంలోవే. ఆకాశంలో తీగ ఎంత లావైతే ఎవరికి అడ్డం? చుట్టూ గాలే కాబట్టి చల్లబడటానికీ ఇబ్బంది లేదు. కిలో ధర కూడా రాగిలో సగానికంటే బాగా తక్కువ. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి చుట్టలు ఎత్తుకుపోయే దొంగల సంగతి మన రైతులకు చెప్పక్కర్లేదు. అల్యూమినియం చుట్ట ఉన్నదాని జోలికి వాళ్లు వచ్చినా గిట్టేది తక్కువ. లైన్ల మీద నా ఓటు కళ్లు మూసుకుని అల్యూమినియానికే.

గోడలోకి వస్తే వాహకత్వం తేడా పెద్ద సమస్య కాదని ముందే ఒప్పుకోవాలి. మీటరు నుంచి గీజరుకు 15 మీటర్లనుకోండి, రానూ పోనూ 30. మూడు కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో వేడిగా పోయేది సుమారు 35 వాట్లు, అదే సైజు అల్యూమినియంలో 57. అల్యూమినియంను 4కి పెంచితే 36 వాట్లు, లెక్క సమం. పైపు కొంచెం పెద్దది వేసుకుంటే సరి. ఇంతవరకూ మా తమ్ముడిదే గెలుపు.

వాడు ఓడిపోయేది తీగ పొడవునా కాదు, తీగ చివర స్క్రూ కింద.

మా నాన్నగారి పెంకుటింట్లో చెక్క బద్దల మీద క్లిప్పులు కొట్టిన పాత వైరింగు ఉండేది, లోపల ఒంటి అల్యూమినియం తీగ. హాల్లో ఫ్యాను నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. బోర్డు మీద చేత్తో కొడితే మళ్లీ తిరిగేది, అదే రిపేరు. ఒకరోజు బోర్డులోంచి కాలిన బేకలైటు వాసన వస్తే మెయిను తీసి విప్పి చూశాను. స్క్రూ కింద తీగ నొక్కుకుపోయి రేకులా పలచబడి ఉంది. చుట్టూ బూడిద రంగు పొడి. స్క్రూడ్రైవరు పెడితే పావు చుట్టు వదులుగా తిరిగింది. తీగ తొడుగు అంగుళం మేర నల్లగా మాడి, వేలితో ముట్టుకుంటే పెళుసుగా రాలింది.

ఆ పావు చుట్టులోనే విషయమంతా ఉంది. అల్యూమినియం గాలి తగిలిన క్షణంలో ఒంటినిండా ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. ఆ చివరి మూడు ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ లాగేసుకుంటే, అక్కడ తిరగడానికి స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ఒక్కటీ మిగలదు. అది గట్టి విద్యుత్ బంధకం, కరెంటును పోనివ్వదు. గిన్నెకు రక్ష, వైరు జాయింటుకు శిక్ష. రాగి మీదా ఆక్సైడ్ పడుతుంది గానీ అది అంత మొండిది కాదు, స్క్రూ బిగింపుకు లొంగుతుంది. రెండోది, డిగ్రీ వేడికి అల్యూమినియం మీటరు పొడవుకు 23 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సాగుతుంది, రాగి 17, ఉక్కు స్క్రూ 12. గీజరు వేసినప్పుడల్లా ఉబ్బి స్క్రూను ఒత్తుతుంది, ఆపినప్పుడు ముడుచుకుంటుంది. పైగా మెత్తటి లోహం, ఒత్తిడికి మెల్లగా పక్కకు జారుతుంది. ఏడాది తిరిగేసరికి బిగింపు వదులవుతుంది. వదులైన చోట నిరోధం, నిరోధానికి వేడి, వేడికి ఇంకా వదులు. గీజరు వైరంతా కలిపి గోడ పొడవునా పంచుకున్న 57 వాట్లు ఏమీ చెయ్యవు. ఒక్క స్క్రూ కింద పది వాట్లు పుడితే బోర్డు మాడుతుంది.

రాగి ధర పెరిగిన 1965 నుంచి 1973 దాకా అమెరికాలో లక్షల ఇళ్లకు అల్యూమినియం వైరింగు వేశారు. ఆ తర్వాత అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ లెక్క ప్రకారం, 1972కి ముందు తయారైన అల్యూమినియం వైరున్న ఇళ్లలో జాయింట్లు నిప్పంటుకునే స్థితికి చేరే అవకాశం రాగి ఇళ్లకంటే 55 రెట్లు ఎక్కువ. తీగలు ఎక్కడా చెడిపోలేదు, కొసలే కొంప ముంచాయి. ఆ తర్వాత మేలైన అల్యూమినియం మిశ్రమాలు, తగిన స్విచ్చులు వచ్చాయి, నిజమే. అవి వాడి, ఒక్కో స్క్రూ సరైన బిగువుతో తిప్పే పనివాడు దొరికితే నాకు అభ్యంతరం లేదు. ఇంట్లో ఎనభై, వంద జాయింట్లుంటాయి. సాయంత్రం ఆరయ్యాక బిగించే జాయింటు మీద నాకు అంత నమ్మకం లేదు.

ఇదంతా చెబితే తమ్ముడు విన్నాడు. ఎలక్ట్రీషియన్ కుర్రాడు మాత్రం ఒక పట్టు పట్టాడు. "మాస్టారూ, మరి సర్వీసు వైరు అల్యూమినియం, లోపల రాగి. ఆ రెండూ ఎక్కడో ఒకచోట కలవాలి గదా?" మంచి ప్రశ్న. తేమ తగిలితే ఆ రెండు లోహాల జాయింటు బ్యాటరీలా పనిచేస్తుంది, వాటి ప్రమాణ పొటెన్షియళ్ల తేడా రెండు వోల్టులు. తినేసేది అల్యూమినియాన్నే. అందుకని రెండూ మెలిపెట్టి టేపు చుట్టడం కుదరదు. ఒకవైపు రాగి, ఒకవైపు అల్యూమినియం ఉండే బైమెటల్ లగ్గు (తీగ కొసకు తొడిగే లోహపు ముక్క) వేసి క్రింప్ చెయ్యాలి, అంటే నొక్కి బిగించాలి. కుర్రాడికి ఆ సంగతి ముందే తెలుసు, నన్ను పరీక్షిస్తున్నాడని తర్వాత అర్థమైంది.

షాపులో మూడో రకం కూడా చూపించారు. రాగి రంగు, రాగి మెరుపు, ధర సగం. పేరు లేని కాయిలు. లోపల అల్యూమినియం, పైన పలచటి రాగి తొడుగు. దీని మీద నాకు చర్చ లేదు. అల్యూమినియం బలహీనతలు చాలావరకు ఉండి, అల్యూమినియం అని చెప్పని వస్తువు అది. బ్లేడుతో ఒక పోగు గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. గీకడానికి ఒప్పుకోకపోతే తూకం వెయ్యండి. 90 మీటర్ల 2.5 కాయిలులో రాగే రెండు కిలోలుండాలి. అల్యూమినియమైతే ఆరువందల గ్రాములు, పూత వేసినదైతే ఇంకో వంద, నూటయాభై ఎక్కువ. పైన ప్లాస్టిక్ తొడుగు బరువు మూడింటికీ ఒకటే.

మేం కొన్న కాయిలును పక్క కిరాణా కొట్టు కాటా మీద పెట్టాం. కందిపప్పు పొట్లం దించి అతను చోటిచ్చాడు. తొడుగుతో కలిపి రెండు కిలోల ఎనిమిదివందల యాభై చూపించింది.

"వైరు కూడా కిలోల్లెక్కన అమ్ముతున్నారా సార్?" అన్నాడు కొట్టతను.