పాత మొక్కకు కొత్త చోటు: పెకలించడమా, కొమ్మ నాటడమా, కుండీయా?

రాజమండ్రిలో మాది పడమటి ముఖం ఇల్లు. రోడ్డు ఎత్తు పెరిగాక మేమూ ప్రహరీని ఆరడుగులకు లేపాం. పొద్దుటి ఎండను ఇల్లు ఆపేస్తుంది, మధ్యాహ్నం ఎండను ఇప్పుడు గోడ ఆపేస్తోంది. దాంతో గోడవారనున్న రెండు ముద్ద మందారాలూ ఏడాదిలోనే పూత తగ్గిపోయాయి. మెట్ల పక్కన నాలుగింటిదాకా ఎండ కాసేచోటేమో కనకాంబరాలు, స్నేక్ ప్లాంట్లు కమిలిపోతున్నాయి. పక్కనే కడియం నర్సరీలు ఉండగా ఈ తంటా ఎందుకు, కొత్తవి తెచ్చుకోండన్నారు చాలామంది. కానీ ఆ మందారాలు మా అత్తయ్యగారు పెట్టినవి. రోజూ దేవుడికి ఆ పూలే. అందుకే ఉన్నవాటినే అటువి ఇటు, ఇటువి అటు మార్చాం.

ఒక మందారాన్ని మట్టిగడ్డతో సహా పెకలించాం. ఆరుద్ర కార్తెలో, ముసురు పట్టిన సాయంత్రం చూసుకుని చేశాం. కాండం లావుకి పది పన్నెండు రెట్ల వెడల్పున గడ్డ రావాలి. మాది మూడు వేళ్లంత లావు, అంటే దాదాపు రెండడుగుల గడ్డ. అది విచ్చిపోకుండా తడి గోనెపట్టాలో చుట్టి, నేనూ మావారూ చెరో కొసా పట్టుకుని మెట్ల దాకా ఈడ్చుకెళ్లాం. కొమ్మల్లో మూడో వంతు ముందే కత్తిరించేశాం. అయినా మూడో రోజుకే ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. సరిగ్గా అప్పుడే కంగారుపడి బిందెలకొద్దీ నీళ్లు పోస్తాం. తెగిన వేళ్లు అంత నీరు తాగలేవు, కుళ్లిపోతాయి. రెండంగుళాల లోతుకి వేలు పెట్టి, మట్టి ఆరిందనిపిస్తేనే పోశాను. నెల దాటాక చిగుళ్లు, దసరాకి మొదటి పువ్వు.

ఆ కత్తిరించిన కొమ్మల్నే నాటుకున్నాం. పెన్సిలంత లావు, జానెడు పొడవు ముక్కలు, అడుగున ఏటవాలు కోత. ఇసుక, ఎర్రమట్టి చెరిసగం కలిపి పాల ప్యాకెట్లలో నింపి, రెండు కణుపులు లోపలికి వెళ్లేలా గుచ్చి, వరండా నీడలో పెట్టాం. పది రోజులకే చిగురొస్తుంది. దాన్ని చూసి నేలలోకి మార్చేయకండి, అది కొమ్మలో మిగిలిన సత్తువ మాత్రమే. నెలన్నర ఆగి మెల్లగా లాగితే పట్టు తగలాలి, అప్పుడే వేరు పోసినట్టు. పదిలో ఆరు బతికాయి. అవి కుదురుకున్నాకే రెండో మందారాన్ని తీసేశాం.

మందారం, నూరు వరహాలు లాంటి వాటికి నా ఓటు కొమ్మకే. పువ్వు ఆలస్యమవుతుంది, నడుము మిగులుతుంది, తల్లి మొక్క పోయినా వంశం నిలుస్తుంది. రోడ్డు నుంచి మరుగు వెంటనే కావాలంటే పెకలించక తప్పదు, కానీ గునపం పట్టేముందు నాలుగు కొమ్మలు గుచ్చి ఉంచండి. కనకాంబరం, స్నేక్ ప్లాంట్ వేళ్లు పైపైనే ఉంటాయి. వాటిని నేరుగా తవ్వి గోడనీడకి మార్చేశాం, ఒక్కటీ పోలేదు. ముదిరిన కరివేపాకు చెట్టును కదిలిస్తే బతకడం కష్టం. చుట్టూ వచ్చిన పిలకని వేరుతో సహా తీసి నాటుకోవడం మేలు.

కుండీల్లోకి మారిస్తే ఎప్పుడైనా జరుపుకోవచ్చంటారు. పడమటి ఎండకి ఏప్రిల్, మే నెలల్లో మట్టి కుండీకి రెండు పూటలా నీళ్లు పోయాల్సిందే, ఊరెళ్తే అంతే సంగతులు. కాకపోతే ఒక పనికి అవి బాగా పనికొచ్చాయి. మొక్క పెట్టాలనుకున్నచోట కుండీ మొక్కని రెండు వారాలు ఉంచి, దాని మీద ఎండ ఎన్ని గంటలు పడుతోందో చూసుకున్నాం. మెట్లకు కుడివైపు అనుకున్న గొయ్యి అలాగే ఎడమవైపుకి మారింది.

నందివర్ధనం జోలికి మాత్రం పోలేదు. అదీ గోడవారనే ఉంది, అదే నీడలో, ఇప్పటికీ రోజూ సజ్జెడు పూలిస్తోంది.