మూడు రొమాంటిక్ కామెడీలు, మూడు ఆల్బమ్‌లు: ఏది మేలు?

మన దగ్గర సినిమా పాటంటే ఆ సినిమా కోసమే ట్యూన్ కట్టి, రాయించి, పాడించేది. ఇంగ్లీషు రొమాంటిక్ కామెడీల్లో పద్ధతి వేరు. చాలావరకు ఎప్పుడో వచ్చిన పాటల హక్కులు కొని సీన్ వెనక వేస్తారు. హీరో హీరోయిన్లు పెదవి కదపరు. తర్వాత ఆ పాటలన్నీ చేర్చి ఆల్బమ్‌గా అమ్ముతారు. అలా బాగా పేరొచ్చిన మూడింటిని తీసుకుందాం: 'ప్రెటీ వుమన్' (1990), 'స్లీప్‌లెస్ ఇన్ సియాటిల్' (1993), 'నాటింగ్ హిల్' (1999).

హిట్ల లెక్కన చూస్తే 'ప్రెటీ వుమన్'కి తిరుగులేదు. రాయ్ ఆర్బిసన్ 1964 పాట 'ఓ, ప్రెటీ వుమన్' ఈ సినిమాతో కొత్త తరానికి చేరింది. రాక్సెట్ పాడిన 'ఇట్ మస్ట్ హావ్ బీన్ లవ్' కథ ఇంకా తమాషా. అది 1987లో స్వీడన్‌లో క్రిస్మస్ పాటగా వచ్చింది. సినిమా కోసం అందులో క్రిస్మస్ మాట తీసేసి చలికాలం అని మార్చారు, అంతే, అమెరికాలో నంబర్ వన్! కానీ ఈ రెండూ, గో వెస్ట్ అనే బ్యాండ్ పాటా పక్కన పెడితే మిగతావాటికి 1990 వాసన గట్టిగా కొడుతుంది. పైగా జూలియా రాబర్ట్స్ స్నానాల తొట్టిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని అరిచి పాడే ప్రిన్స్ పాట 'కిస్' ఆల్బమ్‌లో లేనే లేదు. సినిమా చూసినవాళ్లు ముందు వెతికేది దాన్నే.

'నాటింగ్ హిల్'లో పాటల వాడకం మూడింట్లోకీ గొప్పది. ప్రేమ పోగొట్టుకున్న హ్యూ గ్రాంట్ పోర్టోబెల్లో రోడ్ సంతలో నడుస్తుంటాడు, వెనక బిల్ విథర్స్ 'ఎయింట్ నో సన్‌షైన్'. ఆ ఒక్క నడకలోనే వాన, మంచు, మళ్లీ ఎండ వచ్చేస్తాయి. మొదట్లో కనిపించిన గర్భిణి చివరికొచ్చేసరికి బిడ్డను ఎత్తుకుని ఉంటుంది. ఏడాది గడిచిందని ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఇంత మంచి సినిమాకి ఆల్బమ్ మాత్రం అతుకుల బొంత. విథర్స్, ఆల్ గ్రీన్ పక్కనే అప్పటి బాయ్ బ్యాండ్ల పాటలు కూర్చోబెట్టారు. అమ్మకాల కోసమేనని నా అనుమానం.

మొత్తం ఆల్బమ్ ఆపకుండా వినాలంటే నా ఓటు 'సియాటిల్'కే. దర్శకురాలు నోరా ఎఫ్రాన్ ఇందులో పాత పాటలకే పెద్దపీట వేసింది: నాట్ కింగ్ కోల్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. మొదలే జిమ్మీ డ్యురాంటే. ఆయన హాస్యనటుడు, గొంతు గరగరలాడుతుంది, సగం పాడతాడు, సగం మాట్లాడతాడు. అయినా 'యాజ్ టైమ్ గోస్ బై' ఆయన నోట వింటే ప్రేమంటే కుర్రాళ్ల వ్యవహారం అనిపించదు. భార్య పోయిన ఒంటరి తండ్రి కథకి అదే సరైన గొంతు. ఈ పాత పాటల కట్ట 1993లో అమెరికా ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి ఎక్కింది. కొత్త పాటలుంటేనే అమ్ముడుపోతుందనే వాదనకి ఇంతకన్నా జవాబేం కావాలి? లోపం లేదని కాదు. మధ్యలో జీన్ ఆట్రీ కౌబాయ్ పాట వస్తే మూడ్ కాస్త చెదురుతుంది. సినిమాలో నవ్వొస్తుంది గానీ, విడిగా వింటే నేను దాటేస్తాను.

కారులో నలుగురితో పోతుంటే మాత్రం 'ప్రెటీ వుమన్' పెట్టండి, అక్కడ డ్యురాంటే గొంతు ఎవరికీ ఎక్కదు. 'నాటింగ్ హిల్' ఆల్బమ్ మొత్తం అక్కర్లేదు, విథర్స్, ఆల్ గ్రీన్, ఎల్విస్ కాస్టెల్లో పాడిన 'షీ' ఏరుకుంటే చాలు. రాత్రిపూట గోడ దూకి తోటలోకి వెళ్లే సీన్‌లో వచ్చే రోనన్ కీటింగ్ పాట 'వెన్ యూ సే నథింగ్ ఎట్ ఆల్' నచ్చితే, అదే పాటని ఆలిసన్ క్రాస్ 1995లో పాడింది వినండి. ఆల్బమ్‌లో లేదు గానీ, నాకైతే అదే మేలు.