జీర్ణాశయం మొత్తం తీసేయడమా, కొంత ఉంచడమా?

నాన్న ఆపరేషన్ సంగతి తెలిసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "ఎలాగూ కోస్తున్నారు, మొత్తం తీయించేస్తే టెన్షన్ ఉండదు కదా?"

నాన్నకు క్యాన్సర్ గడ్డ జీర్ణాశయం పైభాగంలో ఉంది, మొత్తం తీసేశారు. పిన్నికీ అదే జబ్బు, కానీ కింది భాగంలో ఉండటంతో పైన కొంత ఉంచారు. ఇద్దరి భోజనాలూ దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి నా మాట, ఉంచే వీలుంటే ఉంచుకోవడమే మేలు.

కింది భాగం క్యాన్సర్‌ను చుట్టూ సరిపడా మంచి భాగం అంచుతో సహా తీయగలిగితే, మొత్తం తీసినందువల్ల ఆయుష్షు పెరగదు. 1999లో వెలువడిన ఇటలీ అధ్యయనంలో ఆపరేషన్ తర్వాత ఐదేళ్లు దాటి బతికినవాళ్లు కొంత ఉంచినవాళ్లలో 65 శాతం, మొత్తం తీసినవాళ్లలో 62 శాతం. తేడా లేనట్టే. వంశపారంపర్యంగా వచ్చే రకమైతే లెక్క వేరు.

అసలు తేడా కంచం ముందు తెలుస్తుంది. తిన్నది కాసేపు నిలవ ఉంచి, కొద్దికొద్దిగా పేగులోకి వదిలేది జీర్ణాశయమే. అది లేని నాన్న మొదట్లో నాలుగు ముద్దలకే చెయ్యి కడిగేసుకునేవారు. తీపి తాగితే పావుగంటలో చెమటలు, గుండె దడ, మంచం మీదికి ఒరగడం. తిన్నది ఒక్కసారిగా పేగులోకి దిగిపోవడం వల్ల వచ్చే ఈ బాధనే డంపింగ్ అంటారు. ఒక్కోసారి రెండు గంటల తర్వాత ఇంకో విడత: ఇన్సులిన్ ఎక్కువై, షుగర్ పడిపోయి, చేతులు వణికేవి. పిన్నికీ డంపింగ్ వచ్చింది కానీ ఇంతగా కాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా పైభాగంలోనే తయారవుతుంది. అందుకే కాబోలు, పిన్ని ఆకలేసి తింటుంది, నాన్న గడియారం చూసి తింటారు.

విటమిన్ బి12 ఒంటికి పట్టాలంటే జీర్ణాశయం కావాలి, అందుకే నాన్నకు ఆ మందు జీవితాంతం తప్పదు. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు ఆదుకుంటుంది, అది చూసి "బాగానే ఉన్నాను" అని మానేస్తే తర్వాత దెబ్బతింటారు. పిన్నికీ బి12, ఐరన్ పరీక్షలు చేయిస్తూనే ఉన్నాం. పైగా మిగిలిన ముక్కకు ఎండోస్కోపీ, పేగు కలిపిన తీరును బట్టి పైత్యరసం వెనక్కి ఎక్కే బాధ ఆవిడకు అదనం.

పైభాగం మాత్రమే తీయడం చాలావరకు తొలిదశ గడ్డలకే. అన్నవాహికను మిగిలినదానికి నేరుగా కలిపితే ఛాతీమంట ఎక్కువ, అందుకే మధ్యలో పేగు ముక్క పెట్టే డబుల్ ట్రాక్ట్ పద్ధతి వచ్చింది. నాన్నది ఆ దశ దాటిపోయింది.

చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీయా, పెద్ద కోతా అనీ అడుగుతుంటారు. పిన్నిది మొదటిది, నాన్నది రెండోది. పిన్ని త్వరగా లేచి తిరిగింది. ఏడాది తిరిగేసరికి ఆ మచ్చల ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.