మొక్క కొనే ముందు చూడవలసిన చలి లెక్క: అమెరికా వ్యవసాయ శాఖ జోన్ల పటంపై ఒక సమీక్ష

డాలస్ ఉత్తర శివారులో 2016లో ఇల్లు కొనుక్కున్నప్పుడు, వీధి గుమ్మానికి ఎడమ పక్కన ఎర్రమందారం ఉండాలన్న కోరికతో ఒక పెద్ద దుకాణపు తోట విభాగం నుంచి మూడు మొక్కలు తెచ్చి నేలలో నాటాను. జూన్ నుంచి అక్టోబరు చివరి వరకు రోజూ పూజకు సరిపడా పూలిచ్చిన ఆ మొక్కలు డిసెంబరులో ఒక్క రాత్రి చలికి ఉడికించిన తోటకూరలా వాలిపోయి, వారం తిరిగేసరికి నల్లబడ్డాయి. ఏప్రిల్ దాకా ఆగి కాండాన్ని గోటితో గీరి చూస్తే లోపల ఎక్కడా పచ్చదనం లేదు. కుండీకి గుచ్చిన చీటీ వెనక్కి తిప్పి చూస్తే, చిన్న అక్షరాలతో ‘జోన్ 9–11’ అని ఉంది, అంటే ఆ మొక్క శీతాకాలాన్ని తట్టుకోగల చలి మండలాలు అవి. మా ఇల్లు అప్పటి లెక్క ప్రకారం 8ఎ జోన్‌లో ఉంది. దుకాణంలో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తెలియలేదు. ఆ చీటీ మీది అంకెకు మూలమైన పటాన్ని అప్పటి నుంచి ప్రతి వసంతంలోనూ వాడుతున్నాను కనుక, అమెరికాలో పెరడు వేసుకునే తెలుగువారికి అది ఎంతవరకు ఉపయోగపడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను.

అమెరికా వ్యవసాయ శాఖ ఈ హార్డీనెస్ (చలిని తట్టుకునే శక్తి) జోన్ల పటాన్ని మొదట 1960లో ప్రచురించింది. ఆ తర్వాత 1990లోను, 2012లోను కొత్త కూర్పులు వచ్చాయి. ఇప్పుడు వాడుకలో ఉన్నది శాఖకు చెందిన వ్యవసాయ పరిశోధన విభాగమూ ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలోని ప్రిజం వాతావరణ బృందమూ కలిసి తయారుచేసి, 2023 నవంబరులో విడుదల చేసిన కూర్పు. లెక్క చాలా సూటిగా ఉంటుంది. ఒక చోట ఏడాది మొత్తంలో అన్నిటికంటే చలిగా ఉన్న ఒక్క రాత్రి ఉష్ణోగ్రతను తీసుకుంటారు. 1991 నుంచి 2020 వరకు ముప్ఫై ఏళ్లలో అలాంటి ముప్ఫై రాత్రుల సగటు ఎంతో చూస్తారు. ఆ సగటును బట్టి దేశాన్ని 13 జోన్లుగా విభజించారు, అంకె పెరిగేకొద్దీ చోటు వెచ్చన. ఒక్కో జోన్ 10 ఫారెన్‌హీట్ డిగ్రీల మేర ఉంటుంది, దాన్ని మళ్లీ ఐదేసి డిగ్రీల చొప్పున ఎ, బి అని రెండు సగాలు చేశారు. 2012 కూర్పుకు 7,983 వాతావరణ కేంద్రాల సమాచారం ఆధారం కాగా, ఈసారి 13,412 కేంద్రాల సమాచారం వాడారు. కొత్త లెక్కలో దేశంలో దాదాపు సగం ప్రాంతం అర జోన్ వెచ్చని వైపుకు జరిగింది, మా ఇల్లు కూడా 8ఎ నుంచి 8బికి మారింది. అంటే మా దగ్గర ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున 15 నుంచి 20 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య, మన అలవాటు లెక్కలో సుమారు మైనస్ 9 నుంచి మైనస్ 7 సెల్సియస్ మధ్య ఉంటుంది.

ఇదే కొలబద్దతో మన ఊళ్లను కొలిచి చూసుకుంటే విషయం తేటతెల్లమవుతుంది. హైదరాబాదులో ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి సాధారణంగా 10 సెల్సియస్ డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, అది ఈ పటం భాషలో 11, 12 జోన్ల సరిహద్దు. కోస్తా ఊళ్లు ఇంకా వెచ్చన. మనం చిన్నప్పటి నుంచి చూసిన మందారం, నందివర్ధనం, పారిజాతం, మామిడి వంటివి నీరు గడ్డకట్టే చలిని ఎరగని మొక్కలు. శీతల దేశపు మొక్క పగటి కాలం తగ్గుతుండగానే కణాల్లో చక్కెరలు పెంచుకుని, నీటిని సర్దుకుని, చలికి సిద్ధపడుతుంది. మన మొక్కలకు ఆ ఏర్పాటు లేదు. గడ్డకట్టే చలికి వాటి కణాల పొరలు చిట్లిపోతాయి, తెల్లవారి ఎండ తగలగానే ఆకు నీరుగారిపోతుంది. మా గుమ్మం పక్కన జరిగింది అదే.

వాడకం విషయానికి వస్తే ఈ సేవకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. డబ్బు కట్టనక్కరలేదు, ఖాతా తెరవనక్కరలేదు. ఐదంకెల జిప్ కోడ్ ఇస్తే జోన్, ఉష్ణోగ్రతల హద్దులు కనబడతాయి. ఉష్ణోగ్రతల సూచిక ఫారెన్‌హీట్‌తో పాటు సెల్సియస్‌లోనూ ఉండడం మనలాంటి వారికి సుఖం. అయితే జిప్ కోడ్ దగ్గరే ఆగిపోవద్దని నా సలహా, ఎందుకంటే ఒకే జిప్ కోడ్‌లో రెండు అర జోన్లు ఉండవచ్చు. కొండలూ లోయలూ ఉన్న చోట ఈ తేడా ఇంకా ఎక్కువ. పటాన్ని పెద్దది చేసి సొంత వీధి దాకా వెళ్లి చూసుకోవడం మేలు.

ఇక అసలు లోపం పటంలో కన్నా మనం దాన్ని చదివే తీరులో ఉంది. పటం చెప్పేది సగటు, హద్దు కాదు. 2021 ఫిబ్రవరి 16న డాలస్–ఫోర్ట్ వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. అది 6బి జోన్ వాళ్లు చూసే చలి. ‘జోన్ 8’ అని నమ్మి నాటుకున్న మా గన్నేరు నేల మట్టం దాకా మాడిపోయింది, దానిమ్మ కూడా కొమ్మలన్నీ ఎండిపోయి మే నెలలో మొదలు నుంచి మళ్లీ చిగురించింది. అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. పోతే మళ్లీ కొనుక్కోవచ్చుననిపించే పూలమొక్కను నా జోన్‌కు సరిపడితే చాలు, తెస్తాను. పదేళ్లు పెంచితే గాని నీడనివ్వని చెట్టును మాత్రం నా జోన్ కంటే ఒక జోన్ చల్లగా ఉండే చోటైనా బతుకుతుందని చీటీ మీద ఉంటేనే కొంటాను. పటం 8బి అన్నంత మాత్రాన ఆ అర జోన్‌ను పట్టుకుని కొత్త సాహసాలకు పోలేదు.

పటం చలిని మాత్రమే చెబుతుంది, ఎండ సంగతి దానికి పట్టదు. దీని లెక్కలో సియాటిల్ నగరం 9ఎ, మా డాలస్ 8బి. పటం ఒక్కటే చూస్తే సియాటిల్ మాకంటే వెచ్చని ఊరు. కాని 2011లో డాలస్‌లో 71 రోజుల పాటు పగటి వేడి 100 ఫారెన్‌హీట్ డిగ్రీలను చేరింది లేదా దాటింది, సియాటిల్ వేసవి అందుకు దరిదాపుల్లో కూడా ఉండదు. చీటీ మీద ‘5–9’ అని ఉంటే అందులో 5 అనే అంకెకే ఈ పటం పూచీ, 9 అనేది వేడిని దృష్టిలో పెట్టుకుని మొక్కలు పెంచేవారు వేసుకున్న అంచనా. వేడి లెక్క కావాలంటే అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ 1997లో విడుదల చేసిన వేడి జోన్ల పటం ఉంది. అది ఏడాదిలో 86 ఫారెన్‌హీట్, అంటే 30 సెల్సియస్ డిగ్రీలు దాటిన రోజుల సంఖ్యను బట్టి 12 జోన్లు చూపుతుంది. దురదృష్టవశాత్తు నేను కొన్న చీటీల్లో దాని అంకె దాదాపు కనబడదు.

నేల సంగతీ అంతే. డాలస్ కింద ఉన్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ, అంటే ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి, చెప్పుకు అంటుకుపోయే నల్లమట్టి. గుంటూరు, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు చూడగానే నల్లరేగడి అంటారు, మట్టి శాస్త్రం కూడా ఈ రెంటినీ వెర్టిసోల్ అనే ఒకే తరగతిలో చేరుస్తుంది. ఈ నేలలో క్షారం ఎక్కువ. జోన్ ప్రకారం ఇక్కడ హాయిగా బతకవలసిన గార్డెనియా మా పెరట్లో రెండేళ్లలో ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి, చివరికి పోయింది. చలి దాన్ని ముట్టుకోలేదు, క్షారం వల్ల నేలలోని ఇనుము దానికి అందలేదు.

మన ఇళ్లలో ఎక్కువగా కోరుకునే మొక్కల విషయంలో జోన్ అంకెకు తోడు శాస్త్రీయ నామం కూడా చూడకపోతే మోసపోయే ప్రమాదం ఉంది. మందారమే తీసుకుందాం. మన మందారం హైబిస్కస్ రోజా సైనెన్సిస్, అది 9వ జోన్ కంటే చల్లని చోట నేలలో నిలవదు. అదే ‘హైబిస్కస్’ పేరుతో పక్క వరుసలో అమ్మే హైబిస్కస్ మాస్కుటాస్ విస్తరాకంత పువ్వు పూస్తుంది, శీతాకాలంలో పైభాగమంతా ఎండిపోయినా 5వ జోన్‌లో సైతం వసంతానికి వేరు నుంచి లేస్తుంది. రోజ్ ఆఫ్ షారన్ అనే మూడోదీ అంత గట్టిదే. ఇవి మన మందారం కావని మా అమ్మ మొదట ఒప్పుకోలేదు గాని, తర్వాత ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని “మన మందారం ఆకు మెరుస్తుంది గదమ్మా, దీనికి నిగారింపు లేదేం?” అని ఆమె చూపిన గుర్తే ఇప్పటికీ నాకు దుకాణంలో పనికొస్తోంది.

మల్లె విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. మనం జడలో పెట్టుకునే మల్లె జాస్మినం సంబాక్. ఇక్కడి నర్సరీల్లో అది మెయిడ్ ఆఫ్ ఆర్లీన్స్, గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ అనే పేర్లతో దొరుకుతుంది, జోన్ 9 నుంచి పైకి. ‘జాస్మిన్ 8–10’ అన్న చీటీ చూసి, మా జోన్‌కు సరిపోయే మల్లె దొరికిందని సంబరపడి తెచ్చుకునేది చాలాసార్లు స్టార్ జాస్మిన్. అది అసలు మల్లె జాతే కాదు, అయితే కంచె మీద పాకించుకోవడానికి అందమైన తీగ, మంచి వాసనా ఉంటుంది. వీటికన్నా చలికి గట్టిది, పసుపు పూలు పూసే కరొలైనా జెస్సమిన్. దాని పువ్వు, ఆకు, వేరు సమస్తం విషం. పసిపిల్లలున్న ఇంట్లో దాన్ని మల్లె అనుకుని నాటవద్దని గట్టిగా చెబుతున్నాను.

కరివేపాకు 9బి కంటే చల్లని చోట నేలలో భరోసా లేని మొక్క, మాకు కుండీయే గతి. దానికి జోన్ ఒక్కటే అడ్డంకి కాదు. ఆసియా సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, నిమ్మ, నారింజ చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోసేది అదే. అందువల్ల ఈ మొక్కను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించడంపై ఆంక్షలున్నాయి. బంధువులు ప్రేమతో కారులో పెట్టి పంపే పిలక వెనక ఒక రైతు తోట పోయే ప్రమాదం ఉందని గుర్తుంచుకుని, మన రాష్ట్రంలోనే అనుమతి ఉన్న నర్సరీ నుంచి కొనుక్కోవడం న్యాయం.

కుండీ మొక్కలకు పటాన్ని ఉన్నదున్నట్టుగా అన్వయించకూడదు. నేలలో వేరు చుట్టూ మట్టి దుప్పటిలా ఉంటుంది, కుండీలో నాలుగు వైపుల నుంచీ చలి తగులుతుంది. ఆరుబయటే శీతాకాలం గడిపే కుండీలో పెట్టే మొక్క మన జోన్ కంటే రెండు జోన్లు చల్లగా ఉండే చోటి చలిని తట్టుకునేదై ఉండాలన్నది తోటపని వాళ్ల లెక్క. నా కరివేపాకు, మల్లె కుండీలు రాత్రి ఉష్ణోగ్రత 40 ఫారెన్‌హీట్‌కు దిగుతుందని తెలిసిన రోజునే గ్యారేజీలోకి వెళ్తాయి. అక్కడ కరివేపాకు ఆకులు రాల్చేస్తుంది. చచ్చిపోతోందని కంగారుపడి నీళ్లు పోస్తే వేరు కుళ్లి నిజంగానే చస్తుంది. పదిహేను రోజులకోసారి గ్లాసెడు నీళ్లు చాలు.

గోంగూర, బీర, ఆనప, బెండ, తోటకూర కోసం ఈ పటం తెరవనక్కరలేదు. అవి ఒక్క వేసవిలో పుట్టి కాసి పోయేవి గనుక, వాటికి కావలసినది వసంతంలో ఆఖరి మంచు తేదీ, శరదృతువులో మొదటి మంచు తేదీ, మధ్యలో ఎన్ని వెచ్చని రోజులున్నాయన్న లెక్క. మాకు ఆఖరి మంచు సాధారణంగా మార్చి మధ్యలో వెళ్లిపోతుంది. మిన్నెసోటాలో ఉన్నవాళ్లు మే దాకా ఆగాలి, అయినా వాళ్లూ గోంగూర పచ్చడి చేసుకోగలరు. ‘మా జోన్‌లో గోంగూర వస్తుందా’ అని అడిగే కొత్తవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ తేడానే.

ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఆ ఒక్క మార్కు తగ్గించింది, జోన్ చూపించే చోటనే ఇది సగటు మాత్రమేనని, గత ముప్ఫై ఏళ్లలో అక్కడ పడిన అతి తక్కువ ఉష్ణోగ్రత ఇంత అని, పక్కనే ఒక అంకె చూపించనందుకు. ఆ అంకె ఉంటే దానిమ్మను, గన్నేరును నాటేవాళ్లు ముందే తెలిసి నాటుకుంటారు. గుమ్మం పక్కన ఇప్పుడు హైబిస్కస్ మాస్కుటాస్ ఉంది, నాలుగు శీతాకాలాలు దాటింది. ఈ ఏడాది ఏప్రిల్ మూడో వారంలో నల్లమట్టిని చీల్చుకుని ఎర్రటి మొలకలు తొమ్మిది లేచాయి.