రేకుల గదికి స్ప్రే ఫోమ్: సెగ పోయింది, లీకేజీ దాక్కుంది

నెత్తిమీద సెగ పోతుంది. రేకుల గదికి కింది నుంచి స్ప్రే ఫోమ్ (గన్‌తో కొడితే పొంగి గట్టిపడే నురగ) కొట్టించాలా వద్దా అని ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతాను. 2023 ఎండాకాలం రాకముందు కొట్టించాం. అంతకుముందూ, ఆ తర్వాతా ఆ గదిలోనే నా పని, నా బతుకుతెరువు.

బెజవాడ పటమటలో మా డాబా మీద జీఐ (జింకు పూత ఇనుప) రేకుల గది ఉంది. అందులో మగ్గం వర్క్ చేయిస్తాను. ఎండలో రేకు 60 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ వేడికి గాలితో కూడా పని లేదు, నేరుగా మనిషి మీదికి దిగుతుంది. మగ్గం దగ్గర ఒళ్లు వంచి కూర్చునే వాళ్లకి అది మెడ మీదా వీపు మీదా పడుతుంది. ఫ్యాను వేస్తే పైనున్న వేడిగాలినే కిందికి తోస్తుంది. పట్టు జాకెట్టు ముక్క మీద చెమట చుక్క పడితే మరక మిగులుతుంది, జర్దోసీ నల్లబడుతుంది. అందుకే మా అమ్మాయిలు ఒక చేత్తో సూది, ఇంకో చేత్తో చెంగు పట్టుకుని కుట్టేవాళ్లు. రోహిణి కార్తె వచ్చిందంటే పదకొండింటికే పని ఆపి, సాయంత్రం మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చేది. పెళ్లిళ్ల సీజన్‌లో మధ్యాహ్నం పనంతా పోతే ఎంత నష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఫోమ్ కొట్టించాక వచ్చిన మొదటి మే నెలలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం స్టూలెక్కి పైకప్పు మీద చెయ్యి పెట్టి చూశాను. పైన రేకు మండిపోతోంది. చేతికి తగిలే ఫోమ్ మాత్రం గోరువెచ్చగా కూడా లేదు. రెండంగుళాల మందం, అంతే. గదిలో వేడి లేదని కాదు, బెజవాడలో గాలే వేడి. కానీ పైనుంచి కాల్చే ఆ సెగ మాయమైంది. కూలర్ పెడితే మధ్యాహ్నం కూడా పని సాగుతోంది. ఈ ఒక్కదానికే నేను ఈ ఫోమ్‌కి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆటోనగర్ వైపు తిరిగేవాళ్లకి ఇది కొత్త వస్తువు కాదు. చేపలు, రొయ్యలు తీసుకెళ్లే బండ్ల గోడల్లో చలువ పోకుండా పెట్టే పఫ్ అనే గట్టి ఫోమ్ కూడా ఈ జాతిదే. మనకి కొత్తల్లా దాన్ని ఇంటి కప్పుకి గన్‌తో కొట్టడం. యూట్యూబ్‌లో చూపించేవి ఎక్కువగా అమెరికా ఇళ్లు. అక్కడ వాలు కప్పు కింద ఖాళీ అటక ఉంటుంది, ఏసీ గొట్టాలు అందులోంచి పోతాయి, ఇల్లంతా పగలూ రాత్రీ ఏసీలోనే ఉంటుంది. మన ఇళ్లలో అటక అంటే ఇత్తడి బిందెలు, పాత పరుపులు పెట్టుకునే చోటు. ఈ తేడా వల్ల ఒక ఇబ్బంది ఉంది, తర్వాత చెబుతాను. ముందు లీకేజీ సంగతి చెప్పాలి, నా కడుపుమంట అక్కడే ఉంది.

కొట్టడానికి వచ్చిన కాంట్రాక్టరు, “మేడమ్, ఇది వేశాక చుక్క నీరు దిగదు. స్క్రూల బెజ్జాలు కూడా మూసుకుపోతాయి” అని గట్టిగా చెప్పాడు. మా రేకులు అప్పటికే పాతవి, పై అంచు దగ్గర కాస్త తుప్పు కూడా ఉంది. స్క్రూలు ఒకసారి చూడండి, తుప్పు గీకండి అని నేను అడిగాను కూడా. అక్కర్లేదంటూ గుడ్డతో తుడిచి కొట్టేశారు. మొదటి వానాకాలం నిజంగానే చుక్క పడలేదు. కాంట్రాక్టరు మాట నిజమేనని అందరికీ చెప్పాను.

2024 ఆగస్టు 31, శనివారం. ఆ రోజు బెజవాడలో ఉన్నవాళ్లెవరూ ఆ వానని మర్చిపోరు. మర్నాడు బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌ని ముంచేసింది. అక్కడి వాళ్ల కష్టం ముందు నాది కష్టమే కాదు, అయినా నా గదిలో జరిగింది చెప్పాలి కదా. మగ్గం మీద రాణీ రంగు పట్టు ముక్క బిగించి ఉంది. మెడ పని అయిపోయింది, ఒక చెయ్యి సగంలో ఉంది. “అక్కా, ఫ్యాను దగ్గర నుంచి ఏదో కారుతోంది” అని కేక వినిపించి పైకి పరిగెత్తాను. అప్పటికే ఫ్యాను రాడ్డు వెంట నీళ్లు దిగి సరిగ్గా మెడ పని మీద పడుతున్నాయి. మామూలు నీళ్లయితే ఆరబెట్టుకునేవాళ్లం. అవి ఎర్రటి తుప్పు నీళ్లు. పట్టు మీద తుప్పు మరక పడితే ఇక పోదు. ఆ ముక్క పక్కన పడేసి, అదే రంగు పట్టు కోసం కొట్టుకొట్టూ తిరిగి, రాత్రిళ్లు కూర్చుని మళ్లీ మొదటి నుంచి కుట్టించి ఇచ్చాను.

డబ్బు సంగతి సరే, అసలు చిక్కు బెజ్జం దొరకకపోవడం. పాత రోజుల్లో రేకు కారితే ఎక్కడ చుక్క పడుతోందో దాదాపు దాని పైనే బెజ్జం ఉండేది. కింద బకెట్ పెట్టి, తెరిపి ఇచ్చాక పైకెక్కి ఆ స్క్రూకి లప్పం పెడితే అయిపోయేది. ఇప్పుడు ఫ్యాను రాడ్డు పైన ఎంత వెతికినా ఏమీ లేదు. ఫోన్ చేస్తే కాంట్రాక్టరు, “కారేది రేకు మేడమ్, ఫోమ్ కాదు” అన్నాడు. మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

చివరికి రేకుల పని తెలిసిన మేస్త్రీ ఒకాయన వచ్చాడు. పైకి ఎక్కలేదు. స్టూలు వేసుకుని ఫోమ్‌ని వేళ్లతో తట్టుకుంటూ వెళ్లాడు. ఒక చోట గట్టిగా, ఇంకో చోట డొల్లగా మోగింది. ఆ డొల్ల చప్పుడు వెంట వెళ్తే పై అంచు దగ్గర తేలాడు. “ఇక్కడమ్మా” అని హ్యాక్‌సా బ్లేడుతో జానెడు ముక్క కోసి తీశాడు. నేను చేతిలోకి తీసుకుని చూశాను. ముక్క లోపలంతా పొడిగా, లేత పసుపు రంగులో, కొత్తదానిలాగే ఉంది. ఈ గట్టి రకం ఫోమ్ నీళ్లు పీల్చదు. రేకుకి ఆనుకున్న వైపు మాత్రం ఎర్రగా తుప్పు పొర అంటుకుని ఉంది. తుప్పు మీద కొడితే అది తుప్పుకే అతుక్కుంటుంది, రేకుకి కాదు. ఆ తుప్పు పొర ఊడినచోట రేకుకీ ఫోమ్‌కీ మధ్య సందు పడింది. పై అంచులో స్క్రూ వాషర్ రబ్బరు ఎండకి పగిలి నీళ్లు లోపలికి వచ్చాయి. కిందికి పడే దారి లేక రేకు వాలు వెంట ఆ సందులోనే జారుకుంటూ వచ్చి, ఫ్యాను రాడ్డు కోసం వదిలిన బెజ్జం దగ్గర బయటపడ్డాయి. కింద ఫోమ్ ఉంటే రేకు వేడి లోపలికి దిగక రేకే ఇంకాస్త కాగుతుంది, రబ్బరు వాషర్లు తొందరగా పోతాయి అని కూడా ఆయనే చెప్పాడు.

స్క్రూలన్నీ మార్చి కొత్త రబ్బరు వాషర్లు వేయించాం. కోసిన చోటు పూడ్చడానికి ఫోమ్ కంపెనీల వాళ్లెవరూ రారు. ఆ చిన్న ముక్క కోసం రెండు డ్రమ్ములు, మెషీను, వేడి గొట్టాలు మోసుకురావడం వాళ్లకి గిట్టదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే డబ్బా ఫోమ్‌తో పూడ్చాం. అంత గట్టిగా లేదు కానీ పని నడుస్తోంది. అదే ఊపులో రేకుల పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ కూడా వేయించాను. కాబట్టి ఇప్పుడు గదిలో ఉన్న చల్లదనంలో ఫోమ్ వాటా ఎంతో, పెయింట్ వాటా ఎంతో విడదీసి చెప్పలేను. పెయింట్ ఖర్చు ఫోమ్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఫోమ్‌కి మాత్రం రేకులకి అయినంతా అయింది.

ఇందాక అన్న ఇబ్బంది రాత్రి పూటది. ఒట్టి రేకు ఎంత తొందరగా కాగుతుందో అంత తొందరగా చల్లారుతుంది. పొద్దుగూకిన కాసేపటికే పాత గది బయటి గాలితో సమానం అయ్యేది. ఇప్పుడు పడమటి గోడ పగలంతా తాగిన వేడి, మనుషుల వేడి, లైట్ల వేడి అన్నీ గదిలోనే ఉండిపోతాయి. రాత్రంతా ఏసీ వేసే ఇంట్లో ఇది తెలియదు. మా గదిలో కూలరే గతి, పైగా మనకి కృష్ణ ఒడ్డు ఉక్కపోత. రాత్రి పని ఉన్నప్పుడు ఉక్కిరిబిక్కిరి అయ్యేది. గోడ పైభాగంలో ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, చీకటి పడగానే కిటికీలు బార్లా తీస్తే గానీ దారిలో పడలేదు. పడమటి గోడకి కూడా ఏదో ఒకటి చేయాలి.

నేను అనుకోని లాభం ఒకటుంది. వానలో రేకు చప్పుడు బాగా తగ్గింది. వాన పడుతున్నా ఫోన్‌లో కస్టమర్‌తో కొలతలు మాట్లాడుకోగలుగుతున్నాం.

నిప్పు విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఈ ఫోమ్ అంటుకుంటే విషపు పొగ వస్తుంది. అమెరికాలో మనుషులు ఉండే గదుల్లో దాన్ని ఒట్టిగా వదలకుండా అర అంగుళం జిప్సం బోర్డు లాంటిదానితో కప్పాలని రూల్. మా గదిలో ఇస్త్రీ పెట్టె, గుడ్డలు అన్నీ ఉన్నాయి కాబట్టి లీకేజీ పని అయ్యాక మేమూ జిప్సం బోర్డు వేయించాం. పై అంచు దగ్గర మాత్రం విప్పుకునేలా పలకలు పెట్టించాను, మళ్లీ తట్టి చూసుకోవాలంటే వీలుండాలి కదా. కొట్టే రోజు, ఆ మర్నాడు పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఇంట్లో ఉంచకండి, ఆ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. చూరు బయట ఎండ తగిలేచోట ఫోమ్ గోధుమ రంగుకి తిరిగి పొడిపొడిగా రాలుతోంది. అక్కడ పెయింట్ పడాల్సిందే.

మళ్లీ అయితే కొట్టిస్తారా అని అడుగుతున్నారు. నాలాగా మధ్యాహ్నం పూట రేకు కింద కూర్చుని పని చేయాల్సినవాళ్లయితే, రేకు కొత్తదైతే, లేదా తుప్పు గీకించి స్క్రూలు మార్పించుకునే ఓపిక ఉంటే కొట్టించుకోమంటాను. స్క్రూల పని అయ్యేదాకా అడ్వాన్సు తప్ప ఏమీ ఇవ్వకండి. గుంటూరు అరండల్‌పేటలో మా చెల్లెలు కూడా కొట్టిద్దామనుకుంటోంది. వాళ్లది స్లాబు ఇల్లు. స్లాబు కింద ఫోమ్ వేస్తే పైన ఎండ పడటం ఆగదు, స్లాబు కాగుతూనే ఉంటుంది. ముందు డాబా మీద తెల్ల పెయింట్ వేయించి ఒక ఎండాకాలం చూడమన్నాను. పైన వేసుకున్న రేకుల వంటగదికి మాత్రం వేయించుకోవాలని ఉందట. గ్యాస్ పొయ్యి ఉన్న గది కాబట్టి జిప్సం బోర్డు ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోమని చెప్పాను.